జట్టంతా చేసిన సంతకం



గత సంచికలో పాత నాణేల గురించి రాశాక నాలుగైదు ఉత్తరాలు, అంతకు రెండింతలు ఫోన్లు వచ్చాయి. పెద్దలు ఇంట్లో దాచిన కానుల గురించి అడిగితే, పిల్లలు మాత్రం "నాణేలు సరే, ఆటగాళ్ళ సంతకాల సంగతి రాయండి" అన్నారు. కోరిక న్యాయమైనదే. అయితే ఒక్కొక్క ఆటగాడి సంతకం గురించి కాకుండా, జట్టు మొత్తం కలిసి సంతకాలు చేసిన పాత బ్యాట్లు, బంతులు, కాగితాల గురించి ఈసారి ముచ్చటిస్తాను. వాటి సేకరణలో సరదా ఉంది, చరిత్ర ఉంది, మోసమూ ఉంది. మూడింటినీ కలిపి చూస్తేనే లెక్క సరిపోతుంది.

ఈ మోజు బాగా ముదిరిన దేశం అమెరికా. అక్కడివాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. బంతిని కాలితో తన్నడం తక్కువ, చంకలో ఇరికించుకుని పరుగెత్తడం ఎక్కువ. బంతి కూడా గుండ్రంగా ఉండదు. రెండు కొనలూ మొనదేలిన గోధుమరంగు తోలు బంతి అది. ఆ తోలు మీద జట్టులోని వాళ్ళంతా, శిక్షకుడితో సహా సంతకాలు చేస్తే దాన్ని జట్టు బంతి అంటారు. యాభై అరవై ఏళ్ళు గడిచాక అలాంటి బంతులు వేలంపాటల్లోకి వస్తాయి. గెలిచిన జట్టుదైతే మధ్యతరగతి వాళ్ళు పాడలేని ధర పలుకుతుంది.

మన పిల్లలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు కనుక ఈ మోజు మన ఇళ్ళ గడపా తొక్కింది. ఆ మధ్య మా సంఘంలోని ఒక సోదరి ఫోన్ చేసింది. "అన్నా, మావోడు అమెరికాలో ఏందో తోలు బంతికి ఏడాది మిగులంతా పెడతానంటా ఉండాడు. దాని నిండా సంతకాలేనంట. నువ్వు బ్యాంకోడివి గదా, ఒక మాట చెప్పు" అంది. కుర్రవాడితో మాట్లాడాను. "మామా, ఇది ఖర్చు కాదు, పెట్టుబడి" అన్నాడు. పెట్టుబడి అనే మాట వినగానే కామర్స్ చదివినవాడి చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఫోటోలు పంపమన్నాను.

అమ్మేవాడు చెప్పిన కథ ఇది. 1967 జనవరి 15న లాస్ ఏంజెలెస్‌లో మొట్టమొదటి సూపర్ బౌల్ జరిగింది. అందులో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు 35–10 తేడాతో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను ఓడించింది. ఆ జట్టు సంతకాలే ఈ బంతి మీద ఉన్నాయట. శిక్షకుడు విన్స్ లొంబార్డి సంతకం నడిమధ్యన ఉంది. పక్కనే ఇది అసలుదేనని బంగారు అంచు సర్టిఫికెట్ కూడా ఉంది.

నాకు ఆ ఆట నియమాలు ఇప్పటికీ సరిగా తెలియవు. కానీ సంతకం ఎవరిదన్నది చూసే ముందు అది ఏ కాగితం మీద ఉందో చూడాలని బ్యాంకు నేర్పింది. అందుకని బంతి గురించి రెండు రోజులు చదివాను. ఆ దేశపు ప్రధాన లీగుకు 1941 నుంచి విల్సన్ కంపెనీ బంతులు తయారుచేస్తోంది. 1955 నుంచి ఒహాయో రాష్ట్రంలోని ఏడా అనే చిన్న ఊళ్ళోనే వాటిని కుడుతున్నారు. పాత బంతికి ‘ద డ్యూక్’ అని పేరు. న్యూయార్క్ జెయింట్స్ యజమాని కొడుకు వెల్లింగ్టన్ మారా ముద్దుపేరు అది. 1969 దాకా నడిచిన ఆ పేరును, మారా చనిపోయిన మరుసటి ఏడు, అంటే 2006లో తిరిగి తెచ్చారు. మనకు పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మన నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉన్నట్టే, ఆ బంతి మీద లీగు కమిషనరు పేరు అచ్చువేస్తారు. 1946 నుంచి 1959 దాకా బెర్ట్ బెల్, 1960 నుంచి 1989 దాకా పీట్ రోజెల్, తరువాత 2006 దాకా పాల్ ట్యాగ్లియాబ్యూ, ఆపైన రోజర్ గుడెల్.

మన కుర్రవాడి బంతి మీద అచ్చయిన పేరు ట్యాగ్లియాబ్యూ. ఆయన కమిషనరయింది 1989లో. లొంబార్డి చనిపోయింది 1970 సెప్టెంబరులో. పందొమ్మిదేళ్ళ కిందట పోయిన మనిషి లేచి వచ్చి బంతి మీద సంతకం చేయలేడు కదా! ఇందులో నా గొప్పేమీ లేదు, సంగతంతా బంతి మీదే రాసి ఉంది. సంతకాల మీద చూపు నిలిచినవాడికి అచ్చు కనబడలేదు, అంతే. "ఇది ఏ ఏడాది తయారైన బంతి?" అని కుర్రవాడు అడిగాక అమ్మేవాడి నుంచి మళ్ళీ జవాబు రాలేదు. ఏడాది మిగులు మిగిలింది.

కనుక మొదటి పరీక్ష వస్తువు వయసు. రెండోది సిరా. బాల్ పాయింట్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబరులో. మెత్తని మొన ఉన్న ఫెల్ట్ పెన్నులు విరివిగా వాడుకలోకి వచ్చింది 1960 తరువాత. ఈనాడు ఆటగాళ్ళంతా వాడే షార్పీ మార్కరు 1964లో వచ్చింది. 1930ల నాటిదని చెప్పే బ్యాటు మీద బాల్ పెన్ను గీత కనిపిస్తే దుకాణం మెట్లు దిగేయవచ్చు.

మూడో పరీక్ష జాబితా. ఆ రోజున ఆ జట్టులో నిజంగా ఎవరెవరున్నారు? ఇక్కడ మన దేశపు ఉదాహరణలే మేలు. పైగా అవి మనలాంటి ప్రవాస తెలుగువారికి దగ్గరివి. భారత జట్టు తొలి టెస్టు 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైంది. ఆ రోజు నాయకత్వం వహించిన కొఠారి కనకయ్య నాయుడు తెలుగు కుటుంబంలో, తెలుగు గడ్డకు దూరంగా నాగపూరులో పుట్టినవాడు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేస్తే, ఆ జట్టువాళ్ళే మెచ్చి వెండి బ్యాటు బహూకరించారు. అయితే 1932 పర్యటనకు నియమితుడైన నాయకుడు ఆయన కాదు, పోర్‌బందరు మహారాజా. ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. మహారాజా తన ఆట సంగతి తానే తెలుసుకుని తప్పుకున్నాడు. లింబ్డీకి దెబ్బ తగిలింది. అలా నాయుడుగారికి ఆ గౌరవం దక్కింది. ఆ పర్యటనలో జట్టంతా సంతకాలు చేసిన కాగితమంటూ ఎవరైనా చూపిస్తే, అందులో టెస్టు ఆడిన పదకొండు మంది మాత్రమే ఉంటే సరిపోదు. ఆడని మహారాజా సంతకం ఎక్కడ అని అడగాలి.

1936 పర్యటన ఇంకా రసవత్తరం. అప్పటి నాయకుడు విజయనగరం మహారాజకుమార్, అందరూ ‘విజ్జీ’ అని పిలిచేవారు. ఆయన తెలుగు సంస్థానం బిడ్డే. ఆయన హయాంలో లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టు ఆడకముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. దాన్నిబట్టి ఆ జట్టు సంతకాల్లో అమర్‌నాథ్ పేరుంటే ఆ కాగితం పర్యటన మొదట్లోది, లేకపోతే తరువాతిది కావచ్చు. ఆగస్టులో చివరి టెస్టు రోజున చేయించిన బ్యాటు అని చెప్పి అందులో అమర్‌నాథ్ సంతకం చూపిస్తే కథ అక్కడే తెగిపోతుంది. ఒక్క పేరు ఉండటం, లేకపోవటం తేదీ ముద్రలా పనిచేస్తుంది.

మనందరికీ గుర్తున్న 1983 చూద్దాం. ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది కూడా జూన్ 25నే, లార్డ్స్‌లోనే. జట్టులో పద్నాలుగు మంది. కపిల్ దేవ్, గవాస్కర్, మొహిందర్, శ్రీకాంత్ పేర్లు పిల్లలు కూడా చెబుతారు. మన బెంగళూరు వాళ్ళయిన కిర్మాణీ, రోజర్ బిన్నీలను మనం మరచిపోం. పద్నాలుగో పేరు ఎందరికి తెలుసు? సునీల్ వాల్సన్. ఆ పోటీల్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఒకే ఒక్క సభ్యుడు. అప్పటి జట్టు బ్యాటు అని ఎవరైనా తెస్తే నేను మొదట వెతికేది కపిల్ సంతకం కాదు, వాల్సన్ సంతకం. ఇంకొక మాట. యశ్‌పాల్ శర్మ 2021 జులైలో పోయారు. ఆ తరువాత తయారైన బ్యాటు మీద పద్నాలుగు సంతకాలు ఉండే వీలే లేదు.

ఎందుకు ఆ చివరి పేరుకు అంత విలువ? మన ప్రాంతం వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. మా దిబ్బూరహళ్ళి నుంచి పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోతాయి. అక్కడ అనుభవమున్న రీలరు లాటు పైపైన మెరిసే గూళ్ళు చూసి ధర చెప్పడు. చెయ్యి అడుగు దాకా పోనిచ్చి పిడికెడు తీస్తాడు. ఊజీ ఈగ తొలిచిన గూడు, పలచబడిన గూడు అక్కడే దొరుకుతాయి. జట్టు సంతకాలూ ఒక లాటే. పైనుండే పెద్ద పేర్ల సంతకాలను దొంగ సంతకాలు చేసేవాడు బాగా సాధన చేస్తాడు. నమూనాలు బోలెడు దొరుకుతాయి, డబ్బూ వాటికే వస్తుంది. ఒకే ఒక్క సీజను ఆడి ఊరికి వెళ్ళిపోయిన ఆటగాడి సంతకానికి నమూనా ఎక్కడ దొరుకుతుంది? అక్కడ వాడు ఏదో గిలికేస్తాడు, లేదా వదిలేస్తాడు. అడుగున ఉన్న పేరే మొత్తం లాటుకు సాక్షి.

నాలుగో పరీక్ష చేతివాటం. దీంట్లో మా బ్యాంకు వాళ్ళకు కాస్త అభ్యాసం ఉంది. మా ప్రాంతంలో బడి చదువు కన్నడంలో, ఇంటి మాట తెలుగులో, సంతకం మాత్రం చాలామందికి ఇంగ్లీషులో. స్పెసిమెన్ కార్డు మీద ఇరవై ఏళ్ళ కిందట చేసిన సంతకానికీ, ఈ రోజు చెక్కు మీది సంతకానికీ తేడా ఉండనే ఉంటుంది. వయసు, కళ్ళజోడు, వేళ్ళ నొప్పులు అన్నీ అందులో కనిపిస్తాయి. మేము చూసేది అక్షరాల ఆకారం ఒక్కటే కాదు, చెయ్యి పారిన తీరు. అసలు సంతకం పరుగెడుతుంది. దొంగ సంతకం అడుగులో అడుగు వేస్తూ నడుస్తుంది. మధ్యలో పెన్ను ఎత్తిన చోట్లు, వణుకు, అనవసరంగా నొక్కిన చుక్కలు కనిపిస్తాయి. రెండు సంతకాలు మక్కికి మక్కి ఒకేలా ఉంటే సంతోషించకూడదు, ఒకటి రెండోదాని మీద పెట్టి గీసిందేమో చూసుకోవాలి.

జట్టు వస్తువులో ఇంకో చిక్కుంది. నలభై మంది చేసిన సంతకాలంటే నలభై చేతులు కనిపించాలి. ఎడమచేతివాడు ఒకడుంటాడు, తొందరలో గీసినవాడు ఒకడుంటాడు, చోటు చాలక పక్కకు తిప్పి రాసినవాడు ఒకడుంటాడు. అన్నీ ఒకే వాలుతో, ఒకే ఒత్తిడితో, చక్కగా వరుసలు తీరి ఉంటే చెయ్యి ఒక్కటేనని అర్థం. ఇది ప్రతిసారీ మోసగాడి పనే కానక్కరలేదు. అమెరికాలో పేరున్న ఆటగాళ్ళకు విసుగొచ్చి, సామాను చూసుకునే కుర్రవాడి చేతనే తమ పేరు రాయించిన సందర్భాలు ఉన్నాయి. అలాంటి బంతి ఆ కాలానిదే, ఆ గదిలోదే, కానీ ఆ ఒక్క సంతకం మాత్రం అసలుది కాదు. ఇక అచ్చువేసిన సంతకాలుండే బంతులు, బ్యాట్లు వేరే. భూతద్దంతో చూస్తే అందులో సిరా తోలులోకో చెక్కలోకో ఇంకినట్టు ఉండదు, గీతల కూడళ్ళలో ఒకదాని మీద ఒకటి ఎక్కిన జాడ ఉండదు.

మరి సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. 1990లలో అమెరికా ఎఫ్.బి.ఐ. వాళ్ళు ‘ఆపరేషన్ బుల్‌పెన్’ అనే పేరుతో దొంగ సంతకాల ముఠాల మీద దర్యాప్తు జరిపారు. సంతకాలు గీసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, వాటికి దొంగ సర్టిఫికెట్లు రాసేవాళ్ళు ఒక గొలుసుగా పనిచేశారని తేలింది. పట్టుబడిన సరుకులో మదర్ థెరెసా సంతకమున్న బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయంటే వాళ్ళ ధైర్యం ఎంతటిదో ఊహించుకోండి. సంతకం గీయగలిగినవాడికి సర్టిఫికెట్ గీయడం ఎంత పని?

సర్టిఫికెట్ కన్నా గట్టిది వస్తువు నడిచివచ్చిన దారి. ఎవరు చేయించారు, ఎక్కడ, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది? 1983 జట్టుకు మేనేజరుగా వెళ్ళిన హైదరాబాదీ పి.ఆర్. మాన్ సింగ్ సికింద్రాబాదులో తన ఇంట్లోనే క్రికెట్ మ్యూజియం పెట్టుకున్నారు. జట్టు వెంట తిరిగిన మనిషి దగ్గరున్న వస్తువుకు మనిషే సాక్షి. మనకు దగ్గరలో ముద్దేనహళ్ళిలోని విశ్వేశ్వరయ్యగారి ఇల్లు చూసిరండి. ఆయన వస్తువులు ఆయన ఊళ్ళోనే ఉన్నాయి, అక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

ఈ పరీక్షలన్నిటికీ ఒకే సూత్రం. ఒక్కదాంట్లో తప్పితే చాలు, వస్తువు తప్పినట్టే. అన్నిట్లో నెగ్గితే మాత్రం "అసలుది కావచ్చు" అన్నంత వరకే. చెక్కు మీద సంతకం దొంగదైతే చట్టం బ్యాంకును నిలదీస్తుంది, ఖాతాదారుకు ఎక్కువ సందర్భాల్లో డబ్బు తిరిగి వస్తుంది. దొంగ సంతకపు బంతి కొన్నవాడికి ఆ అండ అంత తేలిగ్గా దొరకదు. కనుక పిల్లల చదువుకో, ఇంటి కంతుకో పక్కన పెట్టిన డబ్బు ఇందులో పెట్టకండి. చూసుకుని మురిసిపోవడానికి మిగులులో కొంత పెట్టినా, రేపు ధర పెరుగుతుందని లెక్క కట్టవద్దు.

ఇప్పటికే ఇంట్లో అలాంటి వస్తువు ఉన్నవారికి నాలుగు జాగ్రత్తలు. ఎండ తగిలే గోడకు తగిలించవద్దు, సిరా మొదట పోయేది వెలుతురుకే. సంతకాలున్న బ్యాటుకు నూనె పట్టించవద్దు, వార్నిష్ వేయవద్దు. తోలు బంతిలో గాలి పూర్తిగా తీసేస్తే ముడతలు పడి సంతకం చిట్లుతుంది, గట్టిగా నింపితే కుట్ల మీద భారం పడుతుంది, కాబట్టి నడిమధ్యన ఉంచండి. వానాకాలంలో బూజు పట్టకుండా అప్పుడప్పుడు తీసి నీడన ఆరనివ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, వెలిసిపోయిన సంతకం మీద ప్రేమకొద్దీ మళ్ళీ పెన్నుతో దిద్దవద్దు. అసలు సంతకాన్ని ఇంటివాళ్ళే దొంగ సంతకం చేసినట్టవుతుంది.

అమెరికా బంతుల కన్నా నన్ను ఎక్కువ బాధించే సంగతి వేరే ఉంది. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ ఫుట్‌బాల్ జట్టు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది, అంతకుముందు ఆ కప్పు గెలిచిన భారతీయ జట్టు లేదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు అదే కప్పు తెచ్చింది. ఆ పోలీసు జట్టును తీర్చిదిద్దిన రహీం సాహెబు శిక్షణలోనే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఆటగాళ్ళు మన పక్క వీధుల్లో బతికిన మనుషులు. వాళ్ళందరి సంతకాలున్న ఒక కాగితమో, పేర్లు రాసిన ఒక గ్రూపు ఫోటోనో ఏ ఇంటి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే, అది పెట్టెలోనే చెదలకు పోకూడదని నా ఆశ. సభ్యులు తాతల కాలం పెట్టెలు ఒకసారి తెరిచి చూడండి. దొరికితే అమ్మడానికి తొందరపడకుండా, ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే దాని కథ అడిగి కాగితం మీద రాయించి, కింద తేదీ వేయించుకోండి. ఆ చేతిరాతే రేపటికి సాక్ష్యం.

చివరిగా మన సంఘానికి ఒక సూచన. మన ఊళ్ళల్లో జాతర వేళ కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరుగుతూనే ఉన్నాయి. కప్పు బడి బీరువా మీదికి ఎక్కుతుంది. దాని మీద ఊరి పేరు, దాత పేరు ఉంటాయి, ఆడినవాళ్ళ పేర్లు ఉండవు. పదేళ్ళు గడిస్తే ఆ ఫోటోలో చివరన నిలబడ్డ కుర్రవాడు ఎవరో ఎవరికీ తెలియదు. ఈసారి ఉగాది పోటీల్లో గెలిచిన జట్టు చేతా, ఓడిన జట్టు చేతా బంతి మీద సంతకాలు చేయిద్దాం. పక్కన ఒక కాగితం మీద ప్రతివారి పేరూ విడి అక్షరాల్లో, తెలుగో కన్నడమో వాళ్ళకు వచ్చిన లిపిలో రాయిద్దాం. ఊరు, తేదీ వేసి, ఇద్దరు పెద్దల సాక్షి సంతకాలు పెట్టిద్దాం. బరిలోకి దిగకుండా బయటే కూర్చున్న అదనపు ఆటగాడి సంతకం మాత్రం మరచిపోవద్దు. వాడి చేత మొదటే చేయించండి.

వచ్చే సంచికలో పాత పెళ్ళి శుభలేఖల గురించి ముచ్చటించుకుందాం. ఎవరి దగ్గరైనా యాభై ఏళ్ళు దాటినవి ఉంటే నకలు తీసి పంపండి. అసలుది మీ దగ్గరే ఉంచుకోండి.